చవక సీసాలో ద్రాక్షకు దక్కే వాటా

మద్యం గురించి ఒక వైద్యుడు కలం పట్టాడంటే ఆ వ్యాసం 'తాగకండి' అన్న ఒక్క మాటతో ముగుస్తుందని పాఠకులు అనుకోవడం సహజం. ఆ మాటను ముందే చెప్పి పక్కన పెడతాను. అలవాటు లేనివారు ఆరోగ్యం కోసమని వైను మొదలుపెట్టనక్కరలేదు. గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, ఇన్సులిను గాని, చక్కెరను బాగా దించే మాత్రలు గాని వాడుతున్నవారు, వార్ఫరిన్ మీద ఉన్నవారు తమ వైద్యుణ్ణి అడగకుండా దాని జోలికి పోకూడదు. ఇక మిగిలినవారి సంగతి. వారాంతంలో భోజనంతో పాటు ఒక గ్లాసు వైను తీసుకునే తెలుగువారు ఇంగ్లండులో నాకు తెలిసి చాలామందే ఉన్నారు. వారు దుకాణంలో అల్మరా ముందు నిలబడి ఏ సీసా తీయాలో తెలియక ధర చూసి తీస్తారు. ఆ ధర వెనుక ఉన్న లెక్క ఆరోగ్యానికి కూడా సంబంధించినదే కనుక ఈ వ్యాసం.

మన ఊళ్ళలో 'వైన్స్' అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టిన దుకాణాలలో వైను తప్ప తక్కినవన్నీ పుష్కలంగా దొరుకుతాయి. అందువల్ల వైను అంటే ఏమిటో, దానికి ఎంత ఇవ్వవచ్చునో తెలియకుండానే మనలో చాలామంది విదేశాలకు వచ్చాము. ఉత్తర ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణంలో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, సాటి వైద్యుల ఇళ్ళకు విందుకు వెళ్ళేటప్పుడు ఎంత ఖరీదైన సీసా తీసుకువెళ్తే అంత మర్యాద అనుకునేవారు మనవాళ్ళు. జర్మనీ నుంచి వచ్చిన చవక దుకాణాల సంచి చేతిలో కనిపిస్తే నామోషీగా భావించిన రోజులవి. ఇప్పుడా పరిస్థితి లేదు. డాక్టర్లూ, లాయర్లూ కూడా ఆల్డీలో, లిడ్‌ల్‌లో ట్రాలీలు తోస్తూ కనిపిస్తారు.

ఆల్డీ అన్నది ఆల్‌బ్రెక్ట్ అనే ఇంటిపేరులోని తొలి అక్షరాలకు డిస్కౌంట్ అన్న మాటను కలిపి కుదించిన పేరు. జర్మనీలోని ఎస్సెన్ నగరంలో తల్లి నడిపిన చిన్న కిరాణా దుకాణాన్ని కార్ల్, థియో అనే అన్నదమ్ములు పెంచి పెద్ద చేశారు. ఆ తరువాత వ్యాపారాన్ని ఉత్తర, దక్షిణ భాగాలుగా పంచుకున్నారు. బ్రిటన్‌లో ఆల్డీ తొలి దుకాణం 1990లో బర్మింగ్‌హామ్‌లో తెరిచారు. లిడ్‌ల్ 1994లో వచ్చింది. పెద్ద సూపర్‌మార్కెట్లు ఇరవై, ముప్పై వేల రకాల సరుకులు పెడితే, ఆల్డీ సుమారు రెండు వేలతో సరిపెట్టుకుంటుంది. వచ్చిన అట్టపెట్టెను విప్పి అలాగే అరలో పెడతారు. పనివారు తక్కువ. సరుకులలో ఎక్కువ భాగం సొంత పేరు మీదే అమ్ముతారు. ఒక్కో రకాన్ని భారీ మొత్తంలో కొంటారు కాబట్టి తోటల యజమానులతో గట్టిగా బేరమాడగలరు. చవకదనానికి కారణం ఇదే. కొనేవారు గమనించవలసింది ఏమిటంటే, ఇక్కడ సలహా చెప్పే మనిషి ఉండడు. వైను అరకు రెండడుగుల దూరంలోనే వెల్డింగు యంత్రాలు, రబ్బరు బూట్లు అమ్మే ప్రసిద్ధమైన మధ్య నడవ ఉంటుంది. సీసా మీద రాసి ఉన్నది మనమే చదువుకోవాలి.

ఇక లెక్కకు వద్దాం. బ్రిటన్‌లో వైను మీద ఎక్సైజు సుంకాన్ని దానిలోని ఆల్కహాలు శాతాన్ని బట్టి వేసే పద్ధతి 2023 ఆగస్టులో మొదలైంది. అయితే 11.5 నుంచి 14.5 శాతం వరకు ఉన్నవాటన్నిటినీ తాత్కాలికంగా ఒకే గాటన కట్టారు. ఆ వెసులుబాటు 2025 జనవరితో ముగిసింది. 2025 ఫిబ్రవరి 1 నుంచి అమలైన రేటు ప్రకారం 12.5 శాతం ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాకు సుంకం సుమారు 2 పౌండ్ల 77 పెన్సులు అయ్యేది. దాని మీద అమ్మకపు ధరలో ఆరో వంతు వ్యాట్‌కు పోతుంది.

ఆ 2025 రేటుతోనే అయిదు పౌండ్ల సీసా తీసుకోండి. వ్యాట్ 83 పెన్సులు, సుంకం 2.77. మిగిలినది 1 పౌండు 40 పెన్సులు. గాజు సీసా, మూత, లేబులు, ఓడ కిరాయి, దుకాణం లాభం, అన్నీ ఇందులోంచే రావాలి. ద్రాక్ష పండించిన రైతుకు, దానిని వైనుగా చేసినవారికి దక్కేది కొద్ది పెన్సులే. ఇప్పుడు ఏడున్నర పౌండ్ల సీసా చూడండి. వ్యాట్ 1.25, సుంకం అదే 2.77. మిగిలినది 3 పౌండ్ల 48 పెన్సులు. మనం ఇచ్చిన ధర సగం పెరిగింది, పన్నులు పోగా మిగిలిన మొత్తం రెండున్నర రెట్లు అయింది. గాజు సీసాకూ ఓడ కిరాయికీ అయ్యే ఖర్చు పెద్దగా మారదు కనుక, పెరిగిన దానిలో మంచి భాగం సీసాలోని పదార్థానికే చేరుతుంది. చవక దుకాణంలో లాభం కూడా తక్కువే వేసుకుంటారు కాబట్టి అక్కడి ఏడెనిమిది పౌండ్ల సీసా మరోచోట పది పౌండ్ల సీసాకు దీటుగా ఉండడం నేను తరచుగా చూశాను. ఆ దుకాణంలోనే అన్నిటికంటే కింది అరలో ఉన్న సీసా మాత్రం లాభసాటి కాదు. దానికిచ్చే డబ్బులో అధికభాగం ఖజానాకు పోతుంది.

ఈ లెక్కను నేను మొదట ఒక రోగికి కాగితం మీద వేసి చూపించాను. అప్పటి సుంకాలు వేరు, లెక్క పోకడ మాత్రం ఇదే. ఆయన పదవీ విరమణ చేసిన బడిపంతులు. భార్య పోయి రెండేళ్ళయింది. రక్తపరీక్షలో గామా జీటీ అనే కాలేయపు ఎంజైము బాగా పెరిగి ఉంది, స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టినట్టు తేలింది. ఎంత తాగుతారని అడిగితే, సాయంత్రం రెండు గ్లాసులు మాత్రమేనని ఎంతో నిజాయితీగా చెప్పారు. అబద్ధం కాదు. మరుసటిసారి ఆ గ్లాసును తీసుకురమ్మన్నాను. ఆయన రోజూ పోసుకునే మట్టానికి నీళ్ళు పోయించి కొలగ్లాసులో ఒంపి చూస్తే పావు లీటరు ఉంది. రెండు గ్లాసులంటే అర లీటరు, అంటే ముప్పాతిక లీటరు సీసాలో మూడింట రెండు వంతులు. 13.5 శాతం వైనులో సీసాకు పది యూనిట్లకు పైగా ఉంటాయి. వారానికి నలభై అయిదు యూనిట్లు దాటిపోయాయి. బ్రిటన్ ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారులు 2016లో సూచించిన పరిమితి స్త్రీలకైనా పురుషులకైనా వారానికి పద్నాలుగు. ఒక యూనిట్ అంటే పది మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు.

"చవకగా వస్తోంది కదా డాక్టరుగారూ, అందుకని లెక్కపెట్టలేదు," అన్నారాయన. ఆ మాట నాకు ఏ వైద్యగ్రంథంలోనూ దొరకని పాఠం. సీసా ఖరీదు తగ్గినప్పుడు మనిషి డబ్బు మిగుల్చుకోవడం అరుదు. రెండో సీసా తీసుకోవడమే తరచు. వారానికి నాలుగయిదు చవక సీసాలకు పెట్టే డబ్బులో సగంతోనే ఒక మంచి సీసా కొనుక్కుని, శుక్ర, శని, ఆదివారాలకు సర్దుకోమని చెప్పాను. ఆయనకు తోటపని ఇష్టం. ద్రాక్ష ఏ కొండవాలున పండిందో చదివి తెలుసుకుని తాగడం ఆయనకు వినోదమైంది. కొద్ది నెలలకు ఎంజైము దిగివచ్చింది. అందరి కథా ఇలా సుఖాంతం కాదు. వ్యసనంగా మారినవారికి ఖరీదైన సీసా చికిత్స కానే కాదు. రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి మానివేస్తే మూర్ఛలు రావచ్చు. అటువంటివారు వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి.

చవకదనమే ప్రమాదమని ప్రభుత్వాలు కూడా గుర్తించాయి. స్కాట్లండులో 2018 మే 1 నుంచి యూనిట్‌కు 50 పెన్సులకు తక్కువగా ఏ మద్యమూ అమ్మకూడదన్న చట్టం అమలులోకి వచ్చింది. 2024 సెప్టెంబరు 30 నుంచి దానిని 65 పెన్సులకు పెంచారు. ఆ ప్రకారం అక్కడ 12.5 శాతం సీసా ఆరు పౌండ్లకు తక్కువకు దొరకదు. తొలి రెండున్నరేళ్ళలో, కేవలం మద్యం వల్లనే సంభవించే మరణాలు సుమారు 13 శాతం తగ్గాయని 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. వేల్స్‌లోనూ 2020 నుంచి ఇటువంటి చట్టం ఉంది. ఇంగ్లండులో లేదు. ఉండాలన్నది నా అభిప్రాయం. నా మిత్రులు కొందరు దీనితో ఏకీభవించరు.

సీసా ఎంపికలో నేను మొదట చూసేది వెనుక లేబులు మీది శాతం. 14.5 శాతం ఎర్ర వైనుకు సుంకమే 3 పౌండ్ల 20 పెన్సులు దాటుతుంది. అదే తొమ్మిది శాతం ఉన్న జర్మన్ రీస్లింగ్‌కు 2025 రేటు ప్రకారం రెండు పౌండ్ల లోపే ఉండేది. మోజెల్ నదీతీరపు రీస్లింగ్‌లో కొద్దిపాటి తీపి, నిమ్మపులుపు ఉంటాయి, సీసా మొత్తానికి ఏడు యూనిట్లు కూడా ఉండవు. మన కారపు కూరలకు ఇంతకంటే నప్పే వైను నాకు తెలియదు. ఎక్కువ ఆల్కహాలు, వగరు ఉన్న ఎర్ర వైనును గుంటూరు కారంతో తాగితే నోరు మండిపోతుంది. వెరసి పన్ను తక్కువ, మత్తు తక్కువ, భోజనానికి అనువు ఎక్కువ. జర్మన్ దుకాణాలలో జర్మన్ వైను బాగుండడంలో ఆశ్చర్యమూ లేదు.

తరువాత చూసేది ఊరు. బోర్డో, షాబ్లీ వంటి ప్రసిద్ధ నామాలకు ఆ పేరుకే కొంత ధర కట్టవలసి వస్తుంది. చవక దుకాణంలో ఆ పేరు గల అత్యల్ప ధర సీసా సాధారణంగా నిరాశ కలిగిస్తుంది. అదే డబ్బుకు పోర్చుగల్‌లోని దావ్ వైనో, స్పెయిన్‌లో కలటాయుద్ ప్రాంతపు గార్నాచానో, దక్షిణాఫ్రికా షెనిన్ బ్లాంకో, హంగరీ ఫుర్మింటో తీసుకోండి. షాంపేన్ కావాలనిపిస్తే ఫ్రాన్సులోని జూరా, ఆల్సేస్ వంటి చోట్ల చేసే క్రెమాన్ చూడండి. షాంపేన్‌లాగే సీసాలోనే రెండోసారి పులియబెట్టి చేస్తారు. పేరు వేరు కాబట్టి ధర సగానికంటే తక్కువ. తెల్ల వైనులు, గులాబీ రంగువి ఈ ధరలో కొన్నప్పుడు ఒకటి రెండేళ్ళ లోపువే తీసుకోవాలి. పాతబడితే విలువ పెరుగుతుందన్న నమ్మకం ఈ తరగతి వైనులకు వర్తించదు. మరమూత ఉన్నది నాసిరకమన్న అపోహ కూడా వదిలిపెట్టవచ్చు. ఆస్ట్రేలియా వంటి దూరదేశాల వైను పెద్ద పెద్ద సంచులలో ఓడ మీద వచ్చి బ్రిస్టల్ దగ్గర సీసాలలోకి ఎక్కడం కూడా దోషమేమీ కాదు. కిరాయి ఆదా అవుతుంది.

బంగారు పతకపు చీటీకి నేనంతగా విలువ ఇవ్వను. ఆ పోటీలకు రుసుము కట్టి పంపినవారి సీసాలే వెళ్తాయి. కొన్ని పెద్ద దుకాణాలలో కనిపించే 'సగం ధర' అన్న పసుపు చీటీకి అసలే ఇవ్వను.

ధర నాలుకను ఎంతగా ఏమారుస్తుందో చూపిన ప్రయోగం ఒకటి వైద్యుడిగా నాకు చాలా నచ్చింది. 2008లో కాలిఫోర్నియాలో ఇరవైమందిని మెదడు స్కానింగు యంత్రంలో పడుకోబెట్టి, ఒకే వైనును ఒకసారి అయిదు డాలర్లదని, మరోసారి నలభై అయిదు డాలర్లదని చెప్పి రుచి చూపించారు. ఖరీదైనదని విన్నప్పుడు ఎక్కువ బాగుందని చెప్పడమే కాదు, సుఖానుభూతికి సంబంధించిన మెదడు భాగం కూడా ఎక్కువగా స్పందించింది. అదే ఏడాది వెలువడిన మరొక అధ్యయనంలో, ధర తెలియకుండా జరిపిన ఆరువేలకు పైగా రుచి పరీక్షలలో శిక్షణ లేని సామాన్యులు ఖరీదైన వైనును కాస్త తక్కువగానే మెచ్చుకున్నారు. నేను గ్రహించినంతవరకు, అయిదు నుంచి ఎనిమిది పౌండ్ల వరకు ధర పెరిగితే వైను మారుతుంది. ఇరవై దాటాక మారేది చాలావరకు ప్రతిష్ఠ.

ఎర్ర వైను గుండెకు మంచిదన్న ప్రచారం 1991 ప్రాంతంలో అమెరికన్ టెలివిజన్ ద్వారా విస్తరించింది. నేటి వైద్యశాస్త్రం దానిని సమర్థించడం లేదు. మద్యపానం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే ప్రకటించింది. ఆరోగ్యకరమైన వైను అంటూ అల్మరాలో ఏదీ లేదు. రొమ్ము క్యాన్సర్ వంటి ముప్పులు తక్కువ మోతాదు నుంచే మొదలవుతాయి. మోతాదు తగ్గితే ముప్పు తగ్గుతుంది, అంతే.

మా ఇంట్లో శుక్రవారం రాత్రి తెరిచిన సీసా ఇద్దరికీ ఆదివారం మధ్యాహ్నం దాకా వస్తుంది. ఎర్రదైనా తెల్లదైనా మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు రుచి పెద్దగా చెడదు. ఎర్రదాన్ని తాగడానికి అరగంట ముందు బయట పెట్టుకుంటే చాలు. గ్లాసులోకి 125 మిల్లీలీటర్లు ఎంత ఎత్తుకు వస్తుందో ఒకసారి కొలిచి, గ్లాసు మీద గోటితో గీత గీసినట్టు గుర్తుపెట్టుకున్నాము. మిగిలిన సీసా పెరుగు డబ్బా పక్కన, ఫ్రిజ్ తలుపులో ఉంటుంది.