తప్పు కాళ్లది కాదు



మా ఊళ్లో థింసా వట్టి కాళ్లతోనే ఆడాం. కాలేజీ డ్యాన్స్ టీంలో షూ తప్పనిసరి అన్నారు. అమ్మ పసుపు అమ్మి పంపిన 600 రూపాయలతో, మెరుపు చూసి బిగుతు జత కొన్నా. రెండో రోజుకే బొబ్బలు. నా కాళ్లే బాగోలేవేమో అని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు.

హాస్టల్ అక్క చూసి చెప్పింది: “చెప్పుల్లేకుండా పెరిగిన పాదం ముందు వెడల్పుగా ఉంటాది. షూ దానికి సరిపోవాల.”

సాయంత్రం కొనండి, అప్పటికి కాళ్లు కాస్త ఉబ్బుతాయి. సాక్సులతో వేసి చూడండి. వేళ్ల ముందు కొంచెం ఖాళీ ఉండాలి, అడుగు వేళ్ల దగ్గర వంగాలి. నేలని మరీ పట్టేస్తే తిరిగేటప్పుడు మోకాలు మెలిపడుద్ది.

ఆ జత చెల్లికి ఇచ్చేశా. ఈసారి వెడల్పుది కొన్నా. థింసాకి మాత్రం విప్పేస్తా.