తల్లిపై మోపిన నింద
కోనసీమ కాలువగట్లపై, నీటిని చూచినంతనే పరుగులిడు ఆటిజం బిడ్డ చేయి విడువక, రాత్రులందును తలుపు గడియపై దృష్టి నిలిపి కునుకు తీయు తల్లిని తలచినపుడెల్ల నా మనస్సు వ్యాకులపడును. 1943లో మనోవైద్యుడు లియో కానర్ ఈ స్థితిని వర్ణించిన పిమ్మట, తల్లి హృదయశైత్యమే దీనికి హేతువని పండితులు కొందరు చిరకాలము నిందించిరి. అట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో ఆ వాదమును ఖండించెను. శాస్త్రము విడిచిన నిందను మన వీధియరుగులు విడువలేదు గదా! గర్భిణిగా గ్రహణము చూచెననియో, సెల్‌ఫోను చేతికిచ్చెననియో ఇప్పటికిని ఆమెనే అందురు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది, సంతోషమే. కాని శిక్షణకై బిడ్డతో రాజమహేంద్రవరమునకు బస్సెక్కునది ఆమె ఒక్కతెయే. "వీనిని మేము చూచుకొందుము, నీవు కాసేపు పడుకొనుమమ్మా" యని అత్తగారో ఆడపడుచో ఒక్క మధ్యాహ్నమైనను అనరాదా?