రొట్టెముక్కలో సగం

మా అక్కకి 43 ఏళ్ళు. మా వీధిలో, చర్చిలో, చుట్టాల్లో అందరూ ఆమెని ఇప్పటికీ 'పాప' అనే పిలుస్తారు. నాకన్నా ఐదేళ్ళు పెద్దదైన మనిషిని 'అక్కా' అని పిలిచేది నేనొక్కదాన్నే. అదైనా చిన్నప్పట్నించీ ఉన్న అలవాటు కాదు. పిహెచ్‌డి లో చేరి, నాలుగు స్త్రీవాద పుస్తకాలు చదివి, పేర్ల వెనక ఏముంటుందో తెలిశాక సిగ్గుపడి మార్చుకున్నాను. డౌన్ సిండ్రోమ్ అన్న మాట నాకు పదేళ్ళప్పుడు మా ఇంట్లోకి వచ్చింది. అంతకుముందు ఉన్న మాటలు ఇక్కడ రాయను, మీకు తెలిసినవే.

మాది ప్రకాశం జిల్లాలో ఒక బాప్టిస్టు సంఘం. నెలలో మొదటి ఆదివారం ప్రభు భోజనం ఉంటుంది. రొట్టెముక్కలున్న పళ్ళెం వరసల్లోకి వస్తుంది. అక్క దగ్గరకు వచ్చేసరికి ఆ పళ్ళెం కాస్త పైకి లేచి, ఆమె మీదుగా పక్కవాళ్ళకి వెళ్ళిపోతుంది. అక్కకి బాప్తిస్మం లేదు కాబట్టి రొట్టె లేదు. అమ్మ తన ముక్క తీసుకుని, తలవంచి ప్రార్థన చేసుకుంటున్నట్టు కూర్చుని, కొంగు చాటున సగం తుంచి అక్క చేతిలో పెడుతుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇది జరుగుతూనే ఉంది. చూసినవాళ్ళు చూడనట్టు ఊరుకునేవాళ్ళు.

నాన్న పోయిన మరుసటి ఏడాది ఒక సంఘపెద్ద ఊరుకోలేదు. ఆరాధన అయ్యాక అమ్మని పక్కకి పిలిచి, బల్లని అపవిత్రం చేస్తున్నావమ్మా, ఆ శిక్ష నీ మీదికి, నీ పిల్ల మీదికి వస్తుంది అన్నాడు. ఆయన మాట్లాడుతుండగానే అక్క ఆయన చేతిలో పాటల పుస్తకం లాక్కుని నేలకేసి కొట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ రాత్రి అమ్మ నన్నడిగింది: "నువ్వు పెద్ద చదువు చదివావు గదా, నిజం చెప్పు. పైకి పోయాక అది నాకు కనపడుద్దా, కనపడదా?"

నా పరిశోధన తెలుగు క్రైస్తవ కీర్తనల మీద. రాగాల గురించో ఛందస్సు గురించో అడిగి ఉంటే చెప్పేదాన్ని.

బాప్టిస్టులు కానివారికోసం కొంచెం వివరంగా చెప్పాలి. మా సంఘాల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. మనిషి తనంతట తాను నమ్మి, తన నోటితో ఒప్పుకుని, నీళ్ళలో పూర్తిగా మునగాలి. దానికి ముందు సంఘం ఎదుట సాక్ష్యం చెప్పాలి. నేను 14వ ఏట చెప్పాను. ఘోరపాపినై తిరుగుతుండగా ప్రభువు నన్ను వెతికి పట్టుకున్నాడని చెప్పాను. నాన్న జేబులోంచి రెండు మూడుసార్లు చిల్లర తీయడం తప్ప నేను చేసిన ఘోరాలేమీ లేవు. అంతకుముందు వారం ఇంకో అమ్మాయి చెప్పిన సాక్ష్యాన్నే కాస్త మార్చి అప్పజెప్పాను. అందరూ హల్లెలూయా అన్నారు. నా జ్ఞాపకశక్తిని విశ్వాసం కింద లెక్కేశారు. అదే బల్ల మీద అక్క ఉంటే ఏం చెప్పగలిగేది? ఆమెకి యేసయ్య తెలుసు, పాటల్లో పల్లవులు తెలుసు, ప్రార్థన చివర ఆమెన్ అందరికన్నా గట్టిగా అంటుంది. "నీ పాపాలేమిటి?" అంటే మాత్రం నవ్వుతుంది.

అమ్మ పుట్టింటివాళ్ళు గుంటూరు వైపు లూథరన్లు. 1842లో హేయర్ దొర గుంటూరు వచ్చినప్పటినుంచీ ఆ జిల్లాలో వేళ్ళూనిన సంఘం అది. అక్కడ పసిబిడ్డ తలమీద నీళ్ళు పోసి బాప్తిస్మం ఇస్తారు. విశ్వాసం దేవుడిచ్చే వరం, బిడ్డకు మాటలు రావాల్సిన పని లేదంటారు. అమ్మకీ మూడు నెలల వయసులో అలాగే అయింది. పెళ్ళి కుదిరాక మా నాన్న సంఘంవాళ్ళు ఆ బాప్తిస్మం చెల్లదని ఆమెని కాలవలో ముంచి మళ్ళీ ఇచ్చారు. ఇంటిపేరు మారినట్టే అదీ మారిందని అమ్మ పెద్దగా పట్టించుకోలేదు. ఆ మార్పు ఖరీదు అక్క పుట్టాక తెలిసింది. అమ్మ తన పుట్టింటి సంఘంలోనే ఉండి ఉంటే అక్కకి ఈపాటికి 40 ఏళ్ళ కిందటే బాప్తిస్మం అయ్యేది. అసలీ ప్రశ్నే పుట్టేది కాదు. క్రైస్తవ వేదాంతంలో పెద్ద చిక్కుముడి అనుకుని నేను గ్రంథాలయాల్లో వెతికిన సమస్య, మా ఇంటివరకూ, పెళ్ళయిన ఆడది భర్త సంఘంలోకి మారాలన్న ఆచారం తెచ్చిపెట్టింది.

అయినా వెతికాను. 5వ శతాబ్దం మొదట్లో అగస్టీను రాసిన ఒక గ్రంథంలో ఒక వెర్రివాడు కనిపిస్తాడు. ఆ రోజుల్లో బుద్ధి తక్కువ వాళ్ళని ఇళ్ళల్లో వినోదం కోసం పెట్టుకునేవారు. ఈ మనిషి తనని ఎవరేమన్నా భరించేవాడు. క్రీస్తు పేరుని ఎవరైనా తిడితే మాత్రం రాళ్ళు తీసుకుని తరిమేవాడు, సొంత యజమానుల్ని కూడా వదిలేవాడు కాదు. అతన్ని రెచ్చగొట్టడానికే వాళ్ళు అలా తిట్టేవాళ్ళట. దేవుని కృప తెలివిని బట్టీ యోగ్యతని బట్టీ రాదని చెప్పడానికి అగస్టీను ఈ సంగతి వాడుకుని ముందుకెళ్ళిపోతాడు. నేను అక్కడే ఆగిపోయాను. నేలకేసి కొట్టిన పాటల పుస్తకం గుర్తొచ్చింది. అతని రాళ్ళని సాక్ష్యంగా ఒప్పుకున్నవాడు 1600 ఏళ్ళ కిందటే ఉన్నాడు, మా సంఘపెద్దకి ఆ పుస్తకం అల్లరిగా తోచింది.

13వ శతాబ్దంలో తోమా అక్వినాసు, పుట్టుకతో వివేచన లేనివాళ్ళకి పసిపిల్లలకి లాగే సంఘ విశ్వాసం మీద బాప్తిస్మం ఇవ్వవచ్చన్నాడు. ప్రభు భోజనం దగ్గరకొచ్చేసరికి, ఎప్పుడూ ఏ కాస్త వివేచనా లేనివాళ్ళకి వద్దన్నాడు. అమ్మవైపు వాళ్ళ లూథరు సంగతి ఇంకా ఇబ్బంది. ఆయన భోజనాల దగ్గర మాట్లాడినవి శిష్యులు రాసిపెట్టుకున్నారు. వాటిలో దెస్సావు ఊళ్ళో తినడం తప్ప మరేమీ తెలియని 12 ఏళ్ళ పిల్లవాడి ప్రస్తావన ఉంది. వాడికి ఆత్మ లేదు, ఒట్టి మాంసపు ముద్ద, నదిలో ముంచేయమని సలహా ఇచ్చానని ఆయన అన్నట్టు రాశారు. పసిబిడ్డకి విశ్వాసం ఉండగలదని వాదించిన మనిషే ఈ మాటా అన్నాడు. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు. అమ్మ పెట్టెలో లూథరు చిన్న ప్రశ్నోత్తరి ఇంకా భద్రంగా ఉంది.

నేను వెళ్ళి అడిగితే మా పాస్టరుగారు దయగానే జవాబిచ్చారు. మంచీచెడూ ఎరిగి లెక్క అప్పజెప్పే వయసు ఒకటుంటుంది, పాప ఆ వయసుకి ఎప్పటికీ రాదు, దావీదు పోగొట్టుకున్న బిడ్డలాగా ఆమె నేరుగా దేవుని దగ్గరికే వెళ్తుంది, బాప్తిస్మం అక్కర్లేదు అన్నారు. ఆ జవాబులో ఆదరణ ఉంది, కాదనను. అమ్మ కూడా ఆ వారమంతా తేలిగ్గా తిరిగింది. నాకే ఎక్కడో గుచ్చుకుంటూ ఉండింది. కొన్నాళ్ళకి కారణం తెలిసింది. అదే మాట నేను ఇంతకుముందు విన్నాను.

అక్క పెద్దమనిషయిన ఏడాది ఒక డాక్టరు, గర్భసంచి తీయించేయమని అమ్మకి సలహా ఇచ్చాడు. "పసిపిల్లలాంటిది, దానికి అదెందుకమ్మా?" అన్నాడు. అత్తయ్యలిద్దరూ ఔనన్నారు. అమ్మ ఒప్పుకోలేదు, ఎందుకో ఇప్పటికీ వివరించి చెప్పదు. 1994లో పుణేలోని ప్రభుత్వాసుపత్రిలో, శిరూరు ప్రభుత్వ వసతి గృహంనుంచి తెచ్చిన మానసిక వికలాంగ యువతులకి ఇదే ఆపరేషన్ చేస్తే మహిళా సంఘాలు పోరాడాయి. చేసినవాళ్ళు చెప్పిన కారణం శుభ్రత. 2009లో చండీగఢ్ కేసులో, ప్రభుత్వ సంరక్షణలో ఉండగా అత్యాచారానికి గురై గర్భవతైన యువతి బిడ్డని కంటానంటే, ఆమె ఇష్టం లేకుండా గర్భస్రావం చేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఎప్పటికీ పసిపిల్లే అన్న మాటకి ఇంత చరిత్ర ఉంది. స్వర్గంలో తలుపు తెరిచేదీ, భూమ్మీద ఆమె ఔను కాదులకి విలువ లేకుండా చేసేదీ ఒకే వాక్యం. పాస్టరుగారి మనసులో ఇదేదీ లేదని తెలుసు. కానీ రక్షణ ఇలా మినహాయింపుగా దొరికితే అక్క ఏమవుతుంది? పరీక్ష రాయకుండానే పాసైన పిల్ల అవుతుంది. 43 ఏళ్ళు బతికిన మనిషి ఎవర్నీ ప్రేమించలేదా, ఎవరిమీదా కోపం తెచ్చుకోలేదా, క్షమించలేదా? అక్క మా రెండో అత్తయ్యతో ఒక ఏడాది మాట్లాడలేదు. తర్వాత ఒక క్రిస్మస్‌కి తన గాజులు తీసి ఆవిడ చేతికి తొడిగింది. దాన్ని లెక్కలోకి తీసుకోరా?

సంఘపెద్ద చూపించిన వాక్యం పౌలు కొరింథువాళ్ళకి రాసిన మొదటి లేఖలోది, ఎవరికివారు తమని పరిశీలించుకుని బల్ల దగ్గరకు రావాలన్నది. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ముందూ వెనకా చదివాను. అక్కడ పౌలు కోప్పడుతున్నది బుద్ధి తక్కువ వాళ్ళ మీద కాదు. ఉన్నవాళ్ళు ముందుగా వచ్చి తాగి తిని కూర్చుంటే లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోతున్నారని ఆయన మండిపడుతున్నాడు. ఒకరికోసం ఒకరు ఆగమంటున్నాడు. ఆ కోపాన్నే తిరగేసి, పళ్ళెం అందనిదాని మీద వాడారు.

ఇంకో సంగతి. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో క్లౌ దొర ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కరువు రోజులు. ఎక్కువమంది మాదిగలు, అక్షరం రానివాళ్ళు. మా ముత్తాతల తరం. ఒక్కొక్కరినీ ఎంతసేపు ప్రశ్నించి ఉంటారు? శాస్త్రం వినడానికే తగరు, వీళ్ళకి బుద్ధి లేదు అని ఊరు వెలేసిన మనుషులు ఆ రోజు నీళ్ళలోకి దిగారు. మా సంఘం ఏటా ఆ సంఖ్యని గర్వంగా చెప్పుకుంటుంది. వాళ్ళ మనవలమై, ఇవాళ బుద్ధికి కొలబద్ద పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాం.

మార్కు సువార్తలో పక్షవాయువు మనిషిని ఇంటికప్పు విప్పి దించినప్పుడు యేసు చూసింది మోసుకొచ్చినవాళ్ళ విశ్వాసం. అమ్మకి ఆ కథ చెప్తే చాలా సంతోషించింది. నాకు మాత్రం కొంచెం చేదుగానే ఉంది. ఆ కథలో మోసింది నలుగురు. మా ఇంట్లో ఒక్కతే. తర్వాత వంతు నాది, పెళ్ళి సంబంధాలు చూసినప్పుడల్లా ఆ సంగతే ముందు అడిగేవాళ్ళు. వికలాంగుల రక్షణ గురించి రాసిన పండితుల్లో వాళ్ళకి స్నానం చేయించినవాళ్ళెంతమంది? అందుకే ఫ్రాన్సిస్ యంగ్ పుస్తకం 'ఫేస్ టు ఫేస్' (1985) దొరికినప్పుడు నాకు ఊపిరాడింది. ఆమె బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో వేదాంతం బోధించింది, మెథడిస్టు పాస్టరు. 1967లో పుట్టిన పెద్దకొడుకు ఆర్థరుకి తీవ్రమైన వైకల్యం. ఆమె వేదాంతం కొడుకు పక్కనుంచి మొదలవుతుంది.

ఇన్ని చదివాను గానీ అక్కని అడగలేదు. ఆ తెలివి నాకు కాదు, కిందటేడు కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారికి వచ్చింది. ఇంటికొచ్చి, అమ్మతో కాదు, అక్కతోనే మాట్లాడాడు. యేసయ్యంటే ఇష్టమేనా అంటే ఇష్టమే అంది. బాప్తిస్మం తీసుకుంటావా అంటే అమ్మ వైపు చూసి తీసుకుంటానంది. నీళ్ళలో మునగాలమ్మా అని ఆయన చేత్తో చూపించాడు. అక్క లేచి నిలబడింది. "వద్దు. తల తడపొద్దు" అంది. చిన్నప్పట్నించీ ఆమెకి తలమీద నీళ్ళు పడితే భయం, తలస్నానానికి గంట పడుతుంది. పాస్టరుగారు మెల్లగా నచ్చజెప్పబోయాడు. నలభై ఏళ్ళుగా ఈ రోజుకోసం ఎదురుచూసిన మనిషి, మా అమ్మ, ఆయన్ని ఆపేసింది. "వద్దంటుంది గదండీ" అంది. వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

మొన్న మొదటి ఆదివారం నేనూ ఊళ్ళోనే ఉన్నాను. పళ్ళెం అక్క మీదుగా నా దాకా వచ్చింది. నేను చాలా ఏళ్ళుగా తీసుకోవడం లేదు, పక్కకి అందించేశాను. అమ్మ ఎప్పటిలాగే సగం తుంచి అక్కకిచ్చింది. ఈసారి కొంగు చాటు చేసుకోలేదు. అక్క నోట్లో పెట్టుకుని, ఖాళీగా ఉన్న నా చేతులవైపు చూసి, "చెల్లికి?" అని అడిగింది. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగారు. నాకొద్దక్కా అన్నాను. ఎందుకంది. ఆటో ఎక్కి ఇంటికొచ్చేదాకా అడుగుతూనే ఉంది.