సారె లేని ఊళ్లో నల్ల కుండలు

కుండ అనగానే మీకు కుమ్మరి సారె గుర్తొస్తుంది కదూ! మణిపూర్‌లోని లాంగ్‌పి గ్రామంలో సారె ఊసే లేదు. ఇంఫాల్ నుంచి సుమారు 80 కి.మీ. కొండదారిలో ఉఖ్రుల్ చేరి, అక్కణ్ణించి ఇంకా ముందుకెళ్లాలి. అక్కడి తంగ్‌ఖుల్ నాగాలు ఇంటి దగ్గరే కూర్చుని చేతుల్తో కుండలు చేసేస్తారు.

సర్పెంటైన్ అనే రాయిని దంచి, జల్లించి, బంకమట్టితో కలిపి పూరీపిండిలా గట్టిగా మర్దిస్తారు. మలిచాక వెదురుబద్దతో గీకి నునుపు చేస్తారు. వానల్లో ఈ పని కష్టం. కుండ ఆరదు, ఆరుబయట మంటా నిలవదు. లోపల కాస్త తడి మిగిలినా కాల్చేటప్పుడు ఠప్పున పగులుతుంది. ఇన్నాళ్ల శ్రమా బూడిదపాలే!

ఎర్రగా కాలిన కుండను కర్రలతో బయటికి లాగి, వేడి మీదే ఒకరకం ఆకులతో గబగబా రుద్దుతారు. ఆ నల్లటి నిగనిగంతా ఆ కాసేపట్లో రావలసిందే. పింగాణీకుండే గాజుపూత కాదిది.

అన్నట్టు, మీరు ఇంట్లో కుండలకు సరదాగా మెరుపు రంగులేస్తుంటే వాటిని షోకేసులోనే ఉంచండి. పూతలో సీసం ఉంటే చింతపండు పులుపుకి అది కూరలోకి దిగుతుంది.

నేనొక మూతగిన్నె కొని, దారంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ముందు గంజి కాచి, మర్నాడు చేపల పులుసు పెట్టాను. స్టవ్ కట్టేశాక కూడా కుతకుత ఆగలేదు. మీరు మాత్రం కాస్త ముందుగానే దించేయండి, ముక్క చితికిపోతుంది!