మూడు గంటలకొక విరామం

జులై 14, సోమవారం

మా ఆయనకు ఆరింటి కాల్‌షీట్. నాలుగున్నరకు లేచాడు. కెమెరా బ్యాగు జిప్పు చప్పుడుకు చిన్నోడు లేచాడు. చిన్నోడి ఏడుపుకు పెద్దది లేచింది. పెద్దదాని అరుపుకు పైపోర్షన్ వాళ్ల కుక్క.

నేను అప్పటికే లేచి ఉన్నాను. మూడో అధ్యాయం తెరిచి పెట్టుకుని.

జులై 16

థీసిస్ దేనిమీద అంటే, తెలుగు సినిమాలో బాలనటులు అని చెప్తాను. ఫిల్మ్‌నగర్‌లో ఆ మాట అంటే రెండే ప్రశ్నలు. "జూనియర్ ఎన్టీఆర్ గురించా?" "మీ పాపతో వేషం వేయిస్తున్నారా?"

మొదటిదానికి జవాబు ఉంది. 1997 రామాయణంలో ఆయన రాముడు. అందులో అందరూ పిల్లలే. రావణుడూ పిల్లవాడే. గుణశేఖర్ వానరసేన మొత్తాన్ని పిల్లలతో నడిపాడు. నేను ఇద్దరికి పళ్లు తోమించి బయటపడేసరికి స్కూల్ ఆటో వెళ్లిపోతోంది.

జులై 19

యూజీసీ 2022 నిబంధనలు మళ్లీ చదివాను. పీహెచ్‌డీకి గడువు ఆరేళ్లు. మళ్లీ రిజిస్టరు చేసుకుంటే ఇంకో రెండు. ఆడవాళ్లకు మరో రెండు. మొత్తం పదేళ్లు దాటకూడదు.

ప్రసూతికి, పిల్లల పెంపకానికి కలిపి 240 రోజుల సెలవు. మొత్తం పరిశోధనకాలానికి అంతే. ఇద్దరికీ సమానంగా పంచాలంటే చెరో 120. పెద్దది తన వాటా ఎప్పుడో వాడేసింది.

అత్తమ్మ ఫోన్ నల్లగొండ నుంచి. "ఇంకెన్నేండ్లు చదువుతవు బిడ్డా? పెద్దదాని చదువు గూడ ఒడుస్తదేమో." నవ్వాను. ఆమె నవ్వలేదు.

జులై 22

2017 బాలకార్మిక నియమాలు, మూడో అధ్యాయం కోసం. షూటింగులో పిల్లలతో రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులు మించకూడదు. చదువు ఆగకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్. ఐదుగురు పిల్లలకు ఒక బాధ్యతగల మనిషి ఉండాలి.

ఐదుగురికి ఒకరు. ఇక్కడ ఇద్దరికి ఒకరు. చట్టప్రకారం ఇంకా ముగ్గురికి ఖాళీ.

మూడు గంటలకొక విరామం అన్నచోట పెన్సిల్‌తో గీత గీశాను. ఎందుకో తెలీదు. లైబ్రరీ పుస్తకం కూడా కాదు, నా ప్రింటౌటే.

ఆగస్టు 1, శుక్రవారం

జాతీయ అవార్డులు ప్రకటించారు. ఉత్తమ బాలనటి, మరికొందరితో కలిపి, సుకృతి వేణి. 'గాంధీ తాత చెట్టు'. డైరెక్టర్ సుకుమార్ గారి అమ్మాయి. ఆ పాత్ర కోసం నిజంగానే గుండు చేయించుకుంది.

పెద్దదానికి ఫొటో చూపించాను. అవార్డు సంగతి పట్టలేదు. "అయితే ఆ అక్కకి జడలు వేయక్కర్లేదా పొద్దున?" అని చాలాసేపు ఆలోచించింది. నేనూ ఆలోచించాను.

అధ్యాయం చివర ఒక పేరా చేర్చాలి. పూర్తయింది అనుకున్న అధ్యాయాలకే అవార్డులొస్తాయి.

ఆగస్టు 4, సోమవారం

షూటింగులు బంద్. సినీకార్మికుల ఫెడరేషన్ వేతనాల్లో 30 శాతం పెంపు అడిగింది. నిర్మాతలు కుదరదన్నారు. మా ఆయన ఎనిమిదింటిదాకా పడుకున్నాడు. మంచం మీద అంత పొడుగున మనిషిని చూసి చిన్నోడు కాసేపు అనుమానపడ్డాడు.

ఆగస్టు 6

పెద్దదానికి జడ వేశాడు. నేను లైబ్రరీకి.

సాయంత్రం చూస్తే జడ చెక్కుచెదరలేదు. వెంట్రుక కదల్లేదు. జడ మొదలుకు గాఫర్ టేపు చుట్టాడు. సెట్‌లో ఏదైనా దానితోనే నిలబెడతారట. విప్పడానికి కొబ్బరినూనె, ఒక గంట, కొంత జుట్టు.

"కంటిన్యుటీ బావుంది కదా" అన్నాడు.

ఆగస్టు 10, ఆదివారం

అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, జూబ్లీహిల్స్. ఇంటికి దగ్గర. చదువుకోవడానికి వెళ్లలేదు, ఊరికే పిల్లల్ని తిప్పుకొద్దామని. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ ఇదే, 1982. బడి మధ్యలో మానేసినవాళ్లు, పెళ్లయినవాళ్లు, డ్యూటీలు చేసేవాళ్లు ఇక్కడ డిగ్రీలు పూర్తిచేశారు.

చెట్టు కింద ఒకాయన, ఒళ్లో పసిపాప. పాలసీసా, ఒక గొడుగు, భార్య చెప్పుల జత. చెప్పులెందుకు అని అడగబోయి ఊరుకున్నాను. తనే చెప్పాడు. కొత్తవి, కరుస్తున్నాయట. వట్టికాళ్లతో లోపలికెళ్లింది.

ఆగస్టు 13

సినారె. 1962లో ఉస్మానియా నుంచి డాక్టరేట్. అదే ఏడాది 'గులేబకావళి కథ' విడుదల, సినిమాకు మొదటిసారి, పాటలన్నీ తనవే. తర్వాత ఆ ఓపెన్ యూనివర్సిటీకే వైస్‌ఛాన్సలర్. నలుగురు కూతుళ్లు. గంగ, యమున, సరస్వతి, కృష్ణవేణి.

నాలుగు నదులు, ఒక సిద్ధాంతగ్రంథం, ఒక సినిమా. ఆయన భార్య సుశీలమ్మ గారికి ఆ రోజుల్లో ఎన్నింటికి తెల్లవారేదో నేను చదివిన పుస్తకాల్లో లేదు. ఆమె పేరు మీద తర్వాత పురస్కారం పెట్టారు. రచయిత్రులకిస్తారు.

ఆగస్టు 18

సమ్మె నడుస్తోంది. మూడో అధ్యాయం అయిపోయింది. రెండింటికీ సంబంధం లేదని చెప్పలేను.

కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు చాయ్ బండి దగ్గరే పొద్దు గడుపుతున్నారట. కిరాణా కొట్టులో అప్పు రాయడం ఆపేశారట. మా ఇంటి అద్దె మాత్రం సమ్మెలో లేదు. ఫెలోషిప్ ఇంకా పడలేదు.

మా ఆయన ఇల్లంతా ఊడ్చాడు. సోఫా కింద నా హైలైటర్లు దొరికాయి. అన్నీ ఎండిపోయి.

ఆగస్టు 21, గురువారం

రాత్రి సమ్మె ముగిసింది. 18 రోజులు. మూడేళ్లలో 22.5 శాతం. ముందు 15, తర్వాత రెండున్నర, ఆపైన ఐదు. మా ఆయన ఫోన్ ఆగకుండా మోగుతోంది. మంచిదే అన్నాను. మంచిదే కూడా.

నాలుగో అధ్యాయంలో శీర్షిక ఒక్కటే ఉంది.

ఆగస్టు 24

లవకుశ. 1958లో మొదలు, 1963లో విడుదల. మధ్యలో డబ్బులయిపోయాయి. సి. పుల్లయ్య మొదలుపెట్టింది కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశాడు. ఈలోపు లవుడూ కుశుడూ ఎదిగిపోయారు. పిల్లలు కాల్‌షీట్ కోసం ఆగరు.

ఒక పాటకీ ఇంకో పాటకీ తేడా కనబడుతుందా అని మూడుసార్లు ఆపి ఆపి చూశాను. ఇది పని. పెద్దది పక్కన కూర్చుని పల్లీలు తింటూ, "అమ్మా నువ్వు రోజూ సినిమాలే చూస్తావని టీచర్‌కి చెప్పా" అంది.

యూజీసీ లెక్కన నాకు పదేళ్లు. రెండు లవకుశలు తీయొచ్చు.

ఆగస్టు 31, ఆదివారం

ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానం. మెట్ల దగ్గర ఒకతను. నల్ల చొక్కా, రెండు ఫోన్లు. పెద్దదాన్ని ఎగాదిగా చూసి, "పాప ఫేసు బాగుంది మేడమ్. యాడ్ ఉంది. రెండు రోజులే."

ఐదు గంటలు అన్నాను. మధ్యలో విరామం అన్నాను. కలెక్టరు గారి అనుమతి, నిర్మాత హామీపత్రం, 20 శాతం డిపాజిట్. బ్యాంకు కూడా జాతీయం చేసిన బ్యాంకే అయ్యుండాలి.

"మీరు లాయరా?"

"కాదు. పీహెచ్‌డీ."

"అయ్యో" అన్నాడు. నిజంగా బాధపడ్డట్టే ఉంది. పాపకు చక్కెరపొంగలి దొన్నె ఇచ్చి వెళ్లిపోయాడు.

పెద్దది ఇంటిదాకా మాట్లాడలేదు. గేటు దగ్గర అడిగింది, "రెండు రోజులంటే బడికి వెళ్లక్కర్లేదా?"

సెప్టెంబరు 4

కృష్ణానగర్. ఒకప్పటి బాలనటి, ఇప్పుడు డెబ్బై దాటాయి. పేరు రాయనని మాటిచ్చాను. చిన్నోణ్ణి చూసుకునేవాళ్లు లేక వెంట తీసుకెళ్లాను.

ఆమె చెప్పింది. ఒక సీన్‌లో బిస్కెట్ తినాలి. ఆకలిగా ఉంది. ఒక కొరుకు కొరకగానే లాక్కున్నారు. తర్వాతి షాటుకి అదే కొరుకు ఉండాలి. మధ్యాహ్నందాకా అసిస్టెంట్ డైరెక్టర్ చేతిలో ఆ బిస్కెట్, ఎదురుగా ఆమె. సినిమా కథ గుర్తులేదు. హీరో గుర్తులేడు. ఎక్కడ కొరికిందో వేలితో చూపించింది.

మా చిన్నోడికి బిస్కెట్ డబ్బా మొత్తం ఇచ్చేసింది.

సెప్టెంబరు 9

ఇంటర్వ్యూ టైపు చేశాను. సగం రికార్డింగు మా వాడే. బ్రాకెట్లలో పెట్టాను. పిల్లవాడి ఏడుపు. పిల్లవాడి నవ్వు. ఏదో పడిన చప్పుడు.

గైడ్‌గారు మర్యాదస్తులు. మార్జిన్‌లో చిన్నగా రాశారు, పరిశోధనకు సంబంధం లేనివి తీసేయండి అని.

తీసేశాను. తీశాక చదివితే, బిస్కెట్ సంగతి మధ్యలో ఆమె ఉన్నట్టుండి "ముందు వాణ్ణి ఎత్తుకోమ్మా, నాదేముంది, చెప్తాలే" అంటుంది. ఎవరిని, ఎందుకు? ఎవరికీ అర్థం కాదు.

ఒక ఏడుపు మళ్లీ పెట్టాను. ఫుట్‌నోట్‌లో. అలాంటివి ఏపీఏ పద్ధతిలో ఎలా రాయాలో చూడాలి. కానీ లాప్‌టాప్ చార్జరును పెద్దది ఎక్కడో దాచింది.