ఝరాసంగమునుండి హుస్సేన్ సాగరమునకు

మా ఝరాసంగమున నీరన్నచో కేతకీ సంగమేశ్వరుని సన్నిధి నున్న అమృతగుండమే. నిలిచిన నీటికి ఎట్టి కెమేరాయైనను చాలును. కాని మా యాడుబిడ్డ కొమార్తె హైదరాబాదున హుస్సేన్ సాగరముపై తెరచాప పడవల పందెములఁ బాల్గొనుచున్నదని విని, ప్రయాణము చేయఁజాలని మా యత్తగారు, "దాని మొగము పటమునఁ దెచ్చి చూపవే, అమ్మాయీ" అని కోరిరి.

తొలిదినమున మా చిన్న కటకముతోఁ బోయితిమి. 16వ శతాబ్దమున ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమునఁ గట్టిన యా విశాల తటాకమున బాలిక ఆవగింజంత కనఁబడెను. కూడఁబెట్టిన సొమ్ముతో క్రొత్త కెమేరా కొందమా యనుకొంటిమి. తుదకు, మా కెమేరాకే 400 మిల్లీమీటరుల కటకము నద్దెకుఁ దెచ్చితిమి.

మఱునాఁడు కెమేరా ఱెప్పను సెకనులో 1/30వ వంతు తెఱవఁగా పడవయంతయు అలుకుకొనిపోయెను. 1/1000వ వంతున నీటి తుంపురులు ముత్యములవలె నిలిచెను. తెల్లని చాప కెమేరాను భ్రమింపఁజేసి పటమును మసకబఱచును గావున వెలుతురు నొకింత హెచ్చించితిమి.

సోదరీమణులారా! సొమ్ము కొలఁదియైనచో కెమేరాకంటె ముందు కటకమును జూడుఁడు. అదియు అద్దెకుఁ దెచ్చి పరీక్షించిన పిదపనే కొనుఁడు.

ఇంటికి రాఁగానే అత్తగారు కన్నుల కద్దములు పెట్టుకొని, "పిల్ల పెదవి కొఱుకుకొనుచున్నదే! చిన్ననాఁటి యలవాటు పోలేదు" అని నవ్విరి.