స్కాన్ ఎవరి పేరున ఉంది?



మేం విజయవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. అరకు, పాడేరు వైపు వాళ్ళం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సెలవులొస్తే కొన్ని రోజులు ఆటోనగర్లో పనికి పోతాం. లారీ బాడీలు కట్టే షెడ్లు, టింకరింగ్, పెయింటింగ్, లేత్‌లు, కమాను కట్టల కొట్లు. ఆ పేరుతో 2014లో సినిమా కూడా వచ్చింది గానీ అందులో కొట్లాటలు ఎక్కువ, గ్రీజు తక్కువ.

అక్కడ మాలాంటి కుర్రోళ్ళకి కూలి ఒకటి, టీ డబ్బులు ఒకటి. పనయ్యాక డ్రైవరన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని, "ఉంచండ్రా" అని చేతిలో యాభయ్యో వందో పెట్టేవాడంట. ఏ లెక్కలోనూ రాయని డబ్బు అది. బండి కింద పడుకుని బోల్టులు బిగించినోడికీ, పక్కన నిలబడి పానాలు అందించినోడికీ సమానంగా పంచుకునేవాళ్ళమని మాకంటే ముందొచ్చినోళ్ళు చెప్తారు.

ఇప్పుడు డ్రైవర్ల జేబుల్లో నోట్లు ఉండట్లేదు. టోలుకి ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి అయింది, మిగతాదంతా ఫోన్లోనే. షెడ్డు గోడ మీద అతికించిన స్కాన్ ఓనరుది. డ్రైవరన్న మంచోడే, మా టీ డబ్బులు కూడా బిల్లుతో కలిపి కొట్టేస్తాడు. స్పీకరు గట్టిగా చదువుతుంది. 2024 నుంచి ఫోన్‌పే స్పీకర్లో మహేష్ బాబు గొంతు కూడా వచ్చింది కదా, వినడానికి బానే ఉంటుంది. బిల్లు కంటే వంద ఎక్కువ పడిందని మాకు వినిపిస్తుంది. ఓనరుకీ వినిపిస్తుంది. ఎవరం మాట్లాడం.

ఓనరు దొంగ అని మేం అనట్లేదు. గుర్తుంటే ఇస్తాడు. కానీ డ్రైవరు చేతిలోంచి తీసుకుంటే అది మా పని చూసి ఇచ్చిన డబ్బు. అదే వంద ఓనర్ని అడిగి తీసుకోవాలంటే చేయి చాచినట్టు ఉంటుంది. ఆ సిగ్గుకే సగంమంది వదిలేస్తారు.

ఫోన్ డబ్బు చెడ్డదని కూడా మేం అనం. యూపీఐ 2016లో వచ్చింది, అదే ఏడు నవంబర్లో పాత 500, 1000 నోట్లు పోయాయి. అప్పుడు మేం ఆశ్రమ పాఠశాల పిల్లలం. ఇప్పుడు రాత్రి పని దిగాక ఇంటికి కొడితే, పొద్దున్నే అమ్మ సిగ్నల్ ఉన్న గట్టు దాకా నడిచి చూసుకుంటుంది. ఒక షెడ్డులో కూలి ఇచ్చేశామని వాదిస్తే ఫోన్ తీసి చూపించాం, ఇచ్చారు. ఉపాధి కూలి అమ్మ పేరు మీదే పడుతుంది, నాన్న సారాకి పోదు. అయితే ఆ పనికి హాజరు 2023 జనవరి నుంచి యాప్‌లో ఫొటోలతోనే. మా కొండ మీద సిగ్నల్ సంగతి మీకు తెలుసు, అది మళ్ళీ ఇంకో పోస్టు.

దసరాకి ఆటోనగర్లో ఆయుధ పూజ చూడాలి. లేత్‌కీ, వెల్డింగ్ మిషన్‌కీ, చిన్న పానాకీ పసుపు కుంకుమ పెడతారు. ఆ రోజు ఓనరు కుర్రోళ్ళకి ఇచ్చేది మాత్రం నోట్లే, కవర్లో పెట్టి చేతికిస్తాడు. ఫోన్లో కొట్టొచ్చుగా అని మాలో ఒకడు నవ్వితే మేస్త్రీ, "పూజ డబ్బు ఫోన్లో ఏంట్రా" అని కసిరాడు.

ఆ మాటకి మాకు ఇటుకల పండుగ గుర్తొచ్చింది. చైత్రంలో మగాళ్ళు వేటకి పోతే, అమ్మలూ అక్కలూ రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, పాట పాడి, వచ్చే పోయే బళ్ళ దగ్గర డబ్బులు అడుగుతారు. పడిన ప్రతి నోటూ నేల మీద పరిచిన గుడ్డలో అందరికీ కనపడేది. సాయంత్రం లెక్కపెట్టి దాంతోనే ఊరంతా కలిసి తినేవాళ్ళం. ఇప్పుడు అరకు చూడ్డానికొచ్చే కార్లవాళ్ళు అద్దం దించి "క్యాష్ లేదమ్మా, స్కాన్ ఉందా" అంటున్నారు. ఉంది. మా చెల్లెళ్ళలో ఒకరి ఫోన్లో ఉంది. డబ్బు పడుతుంది, గుడ్డ ఖాళీగా ఉంటుంది.

తిరుమల హుండీకి కూడా ఆన్‌లైన్లో వేస్తున్నారు, కాదనం. కానీ అది దేవస్థానం ఖాతాలోకి పోతుంది. నోట్లూ నాణేలూ లెక్కపెట్టడానికి పరకామణి ఉంది. మా గుడ్డే మాకు పరకామణి. బ్యాంకులో మా ఊరి పేరున ఖాతా లేదు, మనుషుల పేరునే ఉంది. పోయిన పండక్కి ఒక పిల్ల ఖాతాలో పడ్డ డబ్బు మీద గుసగుసలు పుట్టాయి. ఆ పిల్ల రూపాయి ముట్టలేదు, అయినా మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

డ్వాక్రా సంఘం ఖాతాకి స్కాన్ పెట్టిద్దామని కొందరన్నారు. అప్పు కిస్తీ కింద బ్యాంకు పట్టేసుకుంటే పండగ ఎవరు చేస్తారని పెద్దమ్మలు అడిగారు. దానికి మా దగ్గర జవాబు లేదు. అసలు స్కానే వద్దు, నోటు ఉంటే ఇవ్వండి లేకపోతే దండం పెట్టి పొండి అందామని ఒక తాత అన్నాడు. మాలో ఇద్దరు ఆయన వైపే.

ఆఖరికి ఆడవాళ్ళే ఒక మాట అనుకున్నారు. వచ్చే చైత్రానికి స్కాన్ ఎవరిదైతే వాళ్ళు సాయంత్రం చెట్టు కింద అందరి ముందూ ఫోన్ తెరిచి, ఎవరెంత కొట్టారో ఒక్కొక్కటీ పైకి చదవాలి. అంత నోట్లూ తెల్లారేలోపు తెచ్చి గుడ్డలో వెయ్యాలి. చదువుతుంటే కాగితం మీద రాసే పని మాకు అప్పగించారు. మీ ఊళ్ళల్లో ఎలా చేస్తున్నారో చెప్పండి.